కూజా మొక్కల పెంపకము – సంకర జాతుల తయారీ
(ఉద్యాన రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వరి, మిరప, మామిడి పంటలను గురించి మీకు చెప్పగలవారు చాలామంది కలరు. ఈ పూట నేను మీతో ముచ్చటించదలచినది మన ప్రాంతమునకు అంతగా పరిచయము లేని ఒక మొక్కను గురించి. శాస్త్రజ్ఞులు దీనిని నెపెంథిస్ అంటారు. మన పాఠ్యపుస్తకాలలో కూజా మొక్క అని వ్రాసినారు. ఆకు కొసనుండి సన్నని తీగ సాగి, ఆ తీగ చివర మూతతో సహా ఒక కూజా వ్రేలాడుతూ ఉంటుంది. అందులో జారిపడిన చీమను, ఈగను మొక్క మెల్లగా అరిగించుకొని బలము తెచ్చుకొంటుంది.

పాలీహౌసులో ఆర్కిడ్లు, ఆంథూరియములు పెంచుచున్న రైతులకు ఈ మొక్క మీద ఆసక్తి కలగడం సహజము. చూచుటకు వింతగా ఉంటుంది, సేకరించి పెంచుకొనే అభిమానులు ప్రపంచమంతటా ఉన్నారు. అయితే మొదటనే ఒక మాట చెప్పవలెను. ఇది ఎకరాల లెక్కన వేసే పంట కాదు. కొనేవారు ఉన్నారు గాని వారు కొద్దిమందే. అప్పు చేసి క్రొత్త ఇల్లు కట్టి, వెయ్యి మొక్కలు తెప్పించి, ఏడాదిలో డబ్బు తీయవచ్చునని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఇప్పటికే ఇల్లు ఉన్నవారు అందులో ఒక బల్ల దీనికి కేటాయించి, పది మొక్కలతో మొదలుపెట్టి, ఒక పూర్తి సంవత్సరము, అందులోనూ ఒక వేసవి, గడిచిన తరువాత విస్తరించే సంగతి ఆలోచించవలెను.

ఇక మొక్క స్వభావము. పంట బాగా పండవలెనంటే నేలకు బలము కావలెనని మీకు తెలుసు. పశువుల ఎరువు వేస్తారు, చెరువు మట్టి తోలుతారు, యూరియా చల్లుతారు. కూజా మొక్క విషయములో ఈ అనుభవమంతా తలక్రిందులు. అది పుట్టిన చోట నేలలో సారము లేదు. వానలు ఎడతెగక కురిసి లవణాలన్నీ కడిగివేసిన కొండవాలులు, ఇసుక నేలలు, నాచు పట్టిన బండలు, చెట్ల కొమ్మలు – ఇవీ దాని నివాసాలు. నేలలో నత్రజని దొరకదు కనుకనే అది పురుగులను పట్టుకొనే ఏర్పాటు చేసుకొన్నది. అటువంటి మొక్క వేళ్ళకు గుప్పెడు ఎరువు తగిలితే వేళ్ళు మాడిపోతాయి. మంచి రైతు చేతిలోనే ఈ మొక్క త్వరగా చస్తుందని నేను తరచు అంటూ ఉంటాను. ఏమీ పెట్టకుండా చూస్తూ ఊరుకోవడం రైతుకు కష్టమైన పని.

ఈ జాతిలో 150కి పైగా రకాలు గుర్తింపబడినవి. పడమట మడగాస్కరు, సీషెల్సు దీవులు మొదలుకొని శ్రీలంక మీదుగా మలయా, సుమత్రా, బోర్నియో, ఫిలిప్పీన్సు, న్యూగినీ వరకు, ఇంకా ఉత్తర ఆస్ట్రేలియా, న్యూ కాలెడోనియా వరకు ఇవి వ్యాపించి ఉన్నవి. మన దేశములో సహజముగా పెరిగేది ఒక్కటే రకము, నెపెంథిస్ ఖాసియానా. అది మేఘాలయ కొండలలో ఉన్నది. అక్కడి గారో ప్రజలు దీనిని 'మెమాంగ్ కోక్సి' అంటారు, దయ్యపు బుట్ట అని అర్థము. దక్షిణ గారో కొండలలో బాగ్‌మారా వద్ద ఈ మొక్కకై ప్రత్యేకముగా ఒక రక్షిత స్థలము ఏర్పరచినారు. తెలుగు నేల మీద కూజా మొక్క సహజముగా లేదు. పురుగులను పట్టే చిన్నజాతి మొక్క డ్రోసెరా మాత్రము తేమగల నిస్సారమైన నేలలలో, గట్ల ప్రక్కన, నేలకంటుకొని ఎర్రగా మెరుస్తూ కనిపిస్తుంది. మీలో కొందరు దానిని చూచియే ఉంటారు.

కూజా ఎట్లు పనిచేయునో కొంచెము తెలిసి ఉంటే పెంపకములో పొరపాట్లు తగ్గుతాయి. కూజా నోటిచుట్టూ నిగనిగలాడే గాజు గట్టువంటి అంచు ఉంటుంది. అంచు మీదను, మూత క్రిందను తేనె ఊరుతుంది. తేనెకోసం వచ్చిన చీమ, అంచు తడిగా ఉన్నప్పుడు కాలు నిలువక లోపలికి జారుతుంది. లోపలి గోడ పైభాగము చాలా రకాలలో మైనము పూసినట్లుంటుంది కనుక పైకి ప్రాకలేదు. అడుగున ఉన్న ద్రవములో జీర్ణరసములు ఉంటాయి. ఈ ద్రవము వాననీరు కాదు. మూత తెరువక ముందే మొక్క దానిని ఊరించి ఉంచుతుంది. కనుక మొక్కను తెచ్చేటప్పుడు కూజాలను వంచి పారబోయరాదు. దారిలో ఒలికిపోతే మూడవ వంతు వరకు శుభ్రమైన నీరు పోస్తే చాలును. పిల్లలు సరదాకు మాంసపు ముక్కలు వేస్తారు. అది అరగక కుళ్ళి కూజా నల్లబడుతుంది. నెలకు ఒకటి రెండు ఎండు పురుగులు వేయవచ్చును. ఇంటిలో చీమలు తిరుగుచుంటే అదియు అవసరము లేదు.

అన్ని రకాలూ పురుగుల మీదనే ఆధారపడవు. ఆంపుల్లేరియా అనే రకము నేలమీద కుండలవలె గుంపులుగా కూజాలు పెట్టి, పైనుండి రాలిన ఆకులను నానబెట్టుకొని సారము తీస్తుంది. బోర్నియో కొండలమీది లోవీ అనే రకము పై కూజాల మూతమీద తెల్లని తీపి పదార్థము కారుస్తుంది. ఉడుత వంటి ఒక జంతువు దానిని నాకుటకు వచ్చి కూజా మీద కూర్చొని అందులోనే పెంట వేస్తుంది. మొక్కకు కావలసిన నత్రజని అందులో దొరుకుతుంది. పశువుల ఎరువు వాడే విద్య మనకొక్కరికే తెలుసుననుకోరాదు.

సాగుకు వచ్చేసరికి అన్నిటికంటె ముందు చూడవలసినది నీరు. ఇల్లు ఎంత గొప్పగా కట్టినా నీరు ఉప్పగా ఉంటే మొక్క నిలువదు. మన బోరునీళ్ళు చాలావరకు గట్టినీళ్ళు. నల్లగొండలో ఫ్లోరైడు సంగతి మీకు తెలిసినదే. రాయలసీమలోను, కోస్తాలో సముద్రపు దగ్గరను లవణాలు ఎక్కువ. అటువంటి నీరు పోస్తే మొదట కుండీ అంచున తెల్లని పొర కడుతుంది, తరువాత ఆకు కొసలు మాడతాయి, కూజాలు మొగ్గదశలోనే ఎండుతాయి, ఆరు నెలలకు వేరు నల్లబడుతుంది. కరిగిన లవణాలు లీటరుకు 50 మిల్లీగ్రాములకు లోపు ఉంటే శ్రేష్ఠము, 100 వరకు ఫరవాలేదు. దీనిని కొలిచే చేతి మీటరు కొద్ది వెలకే దొరుకుతుంది. మొక్క కొనక ముందు మీటరు కొనవలెను.

మంచినీటికి రెండు మార్గాలు. ఒకటి ఆర్.ఓ. యంత్రము. అందులో శుద్ధమైన నీటితోబాటు ఉప్పునీరు కూడ వెలువడుతుంది. దానిని ఎక్కడికి పంపవలెనో ముందే ఏర్పాటు చేసుకోవలెను, పొలములోకి వదలరాదు. రెండవది, నా అభిప్రాయములో మేలైనది, వాననీరు. ఒక చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల ఇంటి కప్పు 200 చదరపు మీటర్లు. వాన తక్కువైన చోట సంవత్సరమునకు 500 మిల్లీమీటర్లే కురిసినదనుకొందాము. లక్ష లీటర్లు అగును. పోగా ఎనభై వేలు చేతికి వస్తుంది. వెయ్యి కుండీలకు కుండీ ఒక్కింటికి రోజుకు సగటున 200 మిల్లీలీటర్లు పోసినా సంవత్సరమునకు 73,000 లీటర్లే. అనగా కరువు సీమలో కూడ ఇంటి కప్పే ఇంటిలోని మొక్కలకు నీరు ఇవ్వగలదు. అయితే వాన నాలుగు నెలలలో కురుస్తుంది, ఖర్చు పన్నెండు నెలలూ ఉంటుంది కనుక తొట్టి పెద్దది కావలెను, మూత ఉండవలెను. సిమెంటు తొట్టి క్రొత్తలో సున్నము వదలుతుంది. ప్లాస్టిక్ పొర పరచుట మంచిది.

తరువాత కుండీలో నింపే మిశ్రమము. మట్టి వద్దు, ఎర్రమట్టి గాని నల్లమట్టి గాని ఏదియు వద్దు. స్ఫాగ్నం నాచు శ్రేష్ఠము గాని వెల ఎక్కువ. మన కోనసీమలో దొరికే కొబ్బరి పొట్టు, కొబ్బరి డొక్కల ముక్కలు, కట్టెబొగ్గు ముక్కలు, పెర్లైట్ కలిపి వాడుకోవచ్చును. నీరు పోయగానే అడుగునుండి జారిపోవలెను, అయినా మిశ్రమము తడి ఆరరాదు. ఇక్కడ ఒక జాగ్రత్త. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, ఉప్పునీటిలో నానవేసిన డొక్కలనుండి తీసినదైతే మరీ ఎక్కువ. దానిని మంచినీటిలో నానబెట్టి, పిండి, మరల నానబెట్టి, పిండిన నీటిని మీటరుతో చూచి, పోసిన నీటికీ పిండిన నీటికీ పెద్దగా తేడా లేనంతవరకు కడగవలెను. నాలుగైదు కడుగులు పట్టవచ్చును. సంచి మీద 'కడిగినది' అని వ్రాసి ఉన్నా సరే, ఒకసారి చూచుకోవలెను.

ఇంటి సంగతి. 19వ శతాబ్దములో ఇంగ్లండులో ఈ మొక్కలను పెంచినవారు అద్దాల ఇండ్లు కట్టి, బొగ్గు మండించి, వేడినీటి గొట్టాలతో లోపల ఉక్కపోత పుట్టించేవారు. మనకు వేడి కొనవలసిన పని లేదు. మన కష్టమంతా వేసవిలో చల్లదనము, గాలిలో తేమ. సముద్రమట్టమునకు దగ్గరలో పుట్టిన రకాలకు పగలు 27 నుండి 32 డిగ్రీల సెంటీగ్రేడు, రాత్రి 20 నుండి 24 డిగ్రీలు అనుకూలము. సుమారు వెయ్యి మీటర్లకు పైబడిన కొండలమీద పుట్టినవాటికి పగలు 20 నుండి 27, రాత్రి 10 నుండి 15 డిగ్రీలు కావలెను. పగటి వేడిని కొండ రకాలు కొంతవరకు ఓర్చుకొంటాయి గాని రాత్రి చల్లబడకపోతే ఓర్చుకోలేవు. మన మైదానములో మే నెల రాత్రులు ఎట్లుంటాయో మీకు చెప్పనక్కరలేదు. కనుక బొమ్మ చూచి మోజుపడి రాజా, లోవీ వంటి కొండ రకాలు కొనుట డబ్బు పారవేసికొనుటే. రాఫ్లెసియానా, ఆంపుల్లేరియా, మిరాబిలిస్, గ్రాసిలిస్ వంటి పల్లపు రకాలు, వేడిని తట్టుకొనే కొన్ని సంకర రకాలు మనకు తగినవి. అరకు వంటి మన్యపు ఎత్తులలోను, హార్సిలీ కొండలవంటి చోట్లను ఉన్నవారు మధ్యరకపు కొండ జాతులను ప్రయత్నించవచ్చును.

ఫ్యాను, తడిమెత్తల పద్ధతి మీలో కొందరి ఇండ్లలో ఉన్నది. గాలి పొడిగా ఉన్నచోట అది బాగా చల్లబరుస్తుంది, తేమను కూడ ఇస్తుంది. అనంతపురము వేసవిలో దాని ఉపయోగము ఎక్కువ. గోదావరి డెల్టాలో గాలి ముందే తేమగా ఉంటుంది కనుక అంతగా చల్లబరచదు, అక్కడ గాలి కదలిక, నీడ ముఖ్యము. కడియము నర్సరీలవారికి ఇది అనుభవములో ఉన్న సంగతే. గాలిలో తేమ 60 శాతమునకు తగ్గకుండా, వీలైతే 70, 80 మధ్య ఉండేటట్లు చూడవలెను. తేమ చాలకపోతే ఆకు వస్తుంది, తీగ వస్తుంది, కొసన కూజా మొగ్గ గోధుమరంగు తిరిగి ఎండిపోతుంది. ఆకుల మీద మంచువలె నీరు చల్లే గొట్టాలుంటే వాటిలో కూడ మంచినీరే వాడవలెను.

వెలుతురు విషయములో చాలామంది అతిజాగ్రత్తతో నష్టపోతారు. నీడ ఎక్కువైతే ఆకులు పొడవుగా, పచ్చగా, కంటికి ఇంపుగా పెరుగుతాయి, కూజాలు మాత్రము కట్టవు. మన ఎండకు 50 శాతము నీడనిచ్చే వల సామాన్యముగా సరిపోతుంది. వేసవిలో కొంత పెంచి, శ్రావణమాసము వచ్చేసరికి తగ్గించవలెను. ఆకు కొంచెము ఎరుపు తిరిగితే వెలుతురు చాలినట్లు. తెల్లగా పాలిపోయి మచ్చలు పడితే ఎక్కువైనట్లు.

పిండినల్లి, పొలుసు పురుగు, తామర పురుగు, గాలి పొడిగా ఉన్నప్పుడు ఎర్రనల్లి – ఇవి వస్తాయి. పురుగులు తినే మొక్కకు పురుగు పడుతుందా అని నవ్వవద్దు. ఆకు మీద కూర్చొని రసము పీల్చే పురుగు కూజాలో ఎందుకు పడుతుంది? పది కుండీలే ఉంటే తడిగుడ్డతో తుడిచివేయుట మేలు. మందు చల్లవలసి వస్తే మంచినీటిలో కలిపి, ఒక మొక్క మీద చల్లి, వారము చూచి, తరువాత తక్కినవాటికి చల్లవలెను. నూనె మందులు కూజా అంచును, లేత ఆకులను కాల్చుట కలదు.

మొక్కలను ఎక్కడ కొనవలెనో చెప్పక ముందు ఎక్కడ కొనరాదో చెప్పవలెను. అడవినుండి పెరికినవి కొనరాదు. నెపెంథిస్ ఖాసియానా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ పొందిన మొక్క. అనుమతి లేకుండా దానిని సేకరించుట, పెంచుట, అమ్ముట నేరము. అంతర్జాతీయ వ్యాపారమును అదుపుచేసే సైటిస్ ఒప్పందములో ఖాసియానా, రాజా అనే రెండును మొదటి జాబితాలో, ఈ జాతిలోని తక్కిన రకాలన్నీ రెండవ జాబితాలో ఉన్నవి. విదేశమునుండి తెప్పించవలెనంటే సైటిస్ పత్రముతోబాటు దిగుమతి అనుమతి, మొక్క ఆరోగ్య ధ్రువపత్రము కావలెను. ఇదంతా కాగితాల బెడద అని విసుగుకోవద్దు. అడవినుండి పెరికిన ముదురు మొక్క వేరు తెగి, గాలి మారి చాలావరకు చచ్చిపోతుంది. కొండమీద ఒకటి తగ్గినది, మీ బల్లమీద ఒకటి మిగలలేదు. విత్తనమునుండి గాని, కాండపు ముక్కనుండి గాని, టిష్యూకల్చరునుండి గాని పెంచిన మొక్కను, రసీదు ఇచ్చే నర్సరీలోనే కొనవలెను.

ఇక సంకరము. ఈ విద్య మొదలైనది ఇంగ్లండులో వీచ్ అనే నర్సరీలో. అక్కడ పనిచేసిన జాన్ డొమినీ అనే తోటమాలి చేతిలో 1856లో మొట్టమొదటి సంకర ఆర్కిడ్ పూచినది. కూజా మొక్కలలో తొలి సంకరమును కూడ, 1862లో, ఆయనే చేసినారు. ఆ నర్సరీలోనే 1893 నాటికి మిక్‌స్టా అనే సంకరము వచ్చినది. దాని తల్లిదండ్రులలో ఒకటి నార్తియానా, బోర్నియోలో సున్నపురాతి కొండలమీద పెరిగే అందమైన రకము, పెంచుట కష్టము. రెండవది మాక్సిమా, ఎక్కడ పెట్టినా పెరిగే గట్టి రకము. బిడ్డకు ఒకరి కూజా పరిమాణము, మరొకరి గట్టిదనము వచ్చినవి. ఇన్నేండ్లయినా మిక్‌స్టా ఇంకా పెంచబడుతున్నది. మనము చేయవలసినదీ ఇదే తీరు. మన వేసవికి నిలిచే మొక్క ఒక వైపు, అందముగల మొక్క ఒక వైపు.

ఈ జాతిలో ఇంతవరకు పరిశీలించిన రకాలలో క్రోమోజోముల సంఖ్య ఒక్కటే, 80. అందుచేత ఒక రకము మరొక రకముతో సులువుగా కలుస్తుంది. పుట్టిన సంకరము గొడ్డుపోక తానూ విత్తనము కడుతుంది. అడవిలోనే ఇట్టి కలయికలు జరుగుతాయి. హుకెరియానా అనేది రాఫ్లెసియానా, ఆంపుల్లేరియాల సహజ సంకరమే. సంకరపరచుట సులువు. కష్టము వేరొకచోట ఉన్నది.

మొదటిది, ఈ మొక్కలలో తాటిచెట్టులోవలె ఆడ, మగ వేరువేరు. పూత వచ్చువరకు ఏది ఆడదో ఏది మగదో తెలియదు. విత్తనమునుండి పూతకు మూడు నుండి ఐదేండ్లు, కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ. టిష్యూకల్చరులో ఒకే మొక్కనుండి తీసిన పిలకలన్నీ ఒకే లింగము కనుక అటువంటివి వంద కొన్నా జంట కుదరదు. సంకరము చేయదలచినవారు ఒక్కొక్క రకములో విత్తనమునుండి పెరిగిన మొక్కలు నాలుగైదైనా ఉంచుకోవలెను. లేదా పూసి లింగము తెలిసిన మొక్కల ముక్కలను కొనవలెను.

పూతకు రేకులు లేవు. పొడవైన కాడమీద క్రిందినుండి పైకి చిన్న పూలు విచ్చుకొంటూ పోతాయి. మగపూవు నడుమ చిన్న స్తంభము, దాని తలమీద పసుపుపచ్చని పుప్పొడి ముద్ద. ఆడపూవు నడుమ ఆకుపచ్చని అండాశయము. అది సిద్ధమైనపుడు కొస తడిగా మెరుస్తుంది. పొద్దున పూట మగపూవును చిమటాతో త్రుంచి, ఆ పుప్పొడిని ఆడపూవు కొసకు మెల్లగా తాకించవలెను. రెండు మూడు రోజులు మరల తాకిస్తే మంచిది. కాడకు ముందుగానే పలుచని గుడ్డసంచి కట్టవలెను, ఏలయనగా ఈగలు మీకంటె ముందే పుప్పొడి తెచ్చి వేయగలవు. మొక్క బలహీనముగా ఉంటే సగము పూలకే పుప్పొడి వేసి, తక్కినవి త్రుంచివేయవలెను.

ఒకే కాడమీద వేరువేరు పూలకు వేరువేరు మగమొక్కల పుప్పొడి వేయవచ్చును. అట్లు చేసినపుడు ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు దారము కట్టి, ఏ రంగు దేనికో పుస్తకములో వ్రాయవలెను. ఆడమొక్క పేరు ముందు, మగమొక్క పేరు తరువాత, తేదీ. జ్ఞాపకము ఉంటుందిలే అనుకోవద్దు. పాత ఇంగ్లీషు నర్సరీల సంకరాలలో కొన్నింటి తల్లిదండ్రులెవరో నేటికీ వాదులాడుచున్నారు. నేడు ప్రతి నర్సరీలోను కనిపించే వెంట్రాటా అనే గట్టి రకమునకు వెంట్రికోసా, అలాటా తల్లిదండ్రులని చాలాకాలము వ్రాసుకొన్నారు. ఫిలిప్పీన్సు మొక్కలను మరల పరిశీలించిన తరువాత, అలాటా అని పెంచినది గ్రాసిలిఫ్లోరా అనే వేరొక రకమని తేలినది. మంచి మొక్క పేరులోనే ఇంత చిక్కు ఉంటే, చీటీ ఊడిపోయిన మొక్క మాట చెప్పనేల? కొనే అభిమాని మొదట అడిగేది తల్లిదండ్రుల పేర్లే. పెన్సిలుతో వ్రాసిన చీటీ నీటికి చెరగదు, సిరా చెరుగుతుంది.

పుప్పొడి అంటినదైతే కొన్నాళ్ళకు అండాశయము ఉబ్బుతుంది. రెండు మూడు నెలలకు, కొన్నింటికి ఇంకా ఎక్కువ కాలమునకు, కాయ గోధుమరంగు తిరిగి నాలుగు చీలికలుగా విచ్చుకొంటుంది. విత్తనము వెండ్రుకవలె సన్నము, ఊదితే ఎగిరిపోతుంది. కాయ విచ్చకముందే కాగితపు సంచి తొడుగవలెను. విత్తనము నిలువ ఉండదు కనుక వెంటనే కడిగిన కొబ్బరి పొట్టు మీదనో, తరిగిన స్ఫాగ్నం మీదనో పైపైన చల్లి, మట్టి కప్పకుండా, మూతగల పెట్టెలో వెలుతురులో ఉంచవలెను. మూడు వారాల నుండి రెండు నెలలలోపు మొలుస్తుంది. మొలక మొదటి ఆకులకే గుండుసూది తలంత కూజాలు వస్తాయి. చూడముచ్చటగా ఉంటాయి గాని, అప్పుడే కుండీ మార్చుటకు తొందరపడరాదు.

ఇప్పుడు రెండవ కష్టము. హైబ్రిడ్ అనగానే మీకు గుర్తుకు వచ్చేది 1964లో విడుదలైన సి.ఎస్.హెచ్-1 వంటి జొన్న. సంచిలోని గింజలన్నీ ఒకే తీరుగా పెరుగుతాయి, ఎందుకనగా దాని తల్లిదండ్రులను తరతరాలుగా శుద్ధిచేసి ఉంచినారు. కూజా మొక్కలలో అట్టి శుద్ధి లేదు. రెండు అడవి రకాలను కలిపితే పిల్లలు కొంతవరకు పోలికతో ఉంటాయి. సంకరమును సంకరముతో కలిపితే ఒకదానికొకటి పోలికే ఉండదు. బంగినపల్లి టెంకను నాటితే బంగినపల్లి రాదని మీకెరుకే కదా. రెండు వందల మొలకలలో మెచ్చదగినవి పది ఉంటే అదృష్టమే. తక్కినవాటిని ఏమి చేయవలెను? ఇక్కడ రైతు మనసు ఒప్పుకోదు. మొలిచిన మొక్కను పీకి పారవేయుట ఎట్లు అంటాడు. కాని బల్లమీద చోటు, తొట్టిలోని నీరు పరిమితమైనవి. మన వేసవిలో ఒకసారి వాడిన మొక్కలను అక్కడికక్కడే తీసివేయవచ్చును; ఆ పరీక్షకు తిరుగులేదు. కూజా అందమును గురించి మాత్రము మూడవ ఏడు వచ్చువరకు తీర్పు చెప్పవద్దు, లేతకూజాకు ముదురుకూజాకు పోలికే ఉండదు. సాధారణమైనవాటిని తల్లిదండ్రుల పేర్లతోనే, క్రొత్త పేరు పెట్టకుండా, తక్కువ వెలకు అమ్మివేయవచ్చును.

మేలైన మొక్క ఒకటి దొరికినపుడు దానిని విత్తనముతో పెంచరాదు, ముక్కలతోనే పెంచవలెను. కాండమును రెండు మూడు కణుపుల ముక్కలుగా కోసి, ఆకులను సగమునకు కత్తిరించి, తడి నాచులో గ్రుచ్చి, తేమగల పెట్టెలో ఉంచితే ఒకటి నుండి మూడు నెలలలో వేరు పోస్తుంది. కత్తిని ప్రతి మొక్కకూ స్పిరిటుతో తుడువవలెను. పొడవైన తీగకు గాలి అంటు కట్టవచ్చును. దానిమ్మకు, నిమ్మకు కట్టే చేతులకు ఇది క్రొత్త కాదు. అట్టి మొక్కకు ప్రత్యేకమైన పేరు పెట్టి నమోదు చేయించదలచితే, 1998 నుండి ఇంటర్నేషనల్ కార్నివోరస్ ప్లాంట్ సొసైటీ అనే సంస్థ ఆ పని చేయుచున్నది. వర్ణన, మంచి ఛాయాచిత్రము పంపవలెను. కనీసము రెండు వేసవులు నిలిచిన తరువాతనే పంపండి.

చివరగా మీలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటి: ఆడమొక్క పూచినది, మగది లేదు, లేదా మగది పూచి వాడిపోయిన నెలకు ఆడది పూచినది. మగపూల పుప్పొడి ముద్దలను తడి లేకుండా నీడలో ఆరబెట్టి, పలుచని కాగితములో మడిచి, సిలికా జెల్ ఉన్న చిన్న సీసాలో పెట్టి, శీతలపేటికలో ఉంచితే వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు కూడ పనిచేస్తుంది. అదే పొట్లమును మామూలు కవరులో పోస్టుద్వారా మరొక రైతుకు పంపవచ్చును. కనుక మీ మొక్క మగదైనా ఆడదైనా, మొదటి పూవు విచ్చగానే రకము పేరు, లింగము, తేదీ వ్రాసి మీ జిల్లా ఉద్యాన శాస్త్రజ్ఞునికి ఒక కార్డు వేయండి. కాడ క్రిందిపూవు విచ్చినప్పటినుండి పైపూవు వాడువరకు మీ చేతిలో ఉండే వ్యవధి పది పదిహేను రోజులే.